బ్లాకు పుట్టింది ఎప్పుడు?

(రాయగడలో విశ్వకర్మ పూజ రోజు సాయంత్రం మెకానిక్కులు, డ్రైవర్లు, బండి యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి పూజ పనుల్లో తిరిగి తిరిగి అలిసిపోయి కూడా వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. మన ఒడియా సోదరులు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ చేస్తారు. మన తెలుగిళ్లలో స్పానర్లకి, జాకీలకి బొట్టు పెట్టేది దసరాకి. రాయగడలో ఉన్నవాళ్లం కాబట్టి మనం రెండూ చేసుకుంటాం. ఇవాళ షెడ్డు కడిగేటప్పుడు ఒక పాత బ్లాకుని, అంటే సిలిండర్లుండే ఇంజన్ మొండాన్ని, పక్కన పెట్టించాను. అదిగో, ఆ బల్ల మీద ఉంది. చివర్లో దాని దగ్గరికి వెళ్దాం.

నన్ను మాట్లాడమన్నది ఒక్క విషయం గురించే. ఇంజన్ మార్చిన బండి మన దగ్గరికి వస్తుంది. లోపల ఉన్న ఇంజన్ ఏ సంవత్సరానిదో ఎలా చెప్పాలి?

మా తాతది పార్వతీపురం పక్క పల్లె. చిన్నప్పుడు నన్ను పశువుల సంతకి తీసుకెళ్లేవాడు. అక్కడ బేరం తుండు కింద చేతులు పట్టుకుని, వేళ్లతో జరిగేది. ధర సంగతి అలా తేలేది కానీ, వయసు మాత్రం ఆయన ఎవర్నీ అడిగేవాడు కాదు. ఎద్దు కింది పెదవి లాగి పళ్లు చూసేవాడు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, మొత్తం ఎనిమిదీ వచ్చేస్తే కడపళ్లు వేసేసిందనేవాడు. అమ్మేవాడు చెప్పేదంతా మర్యాదగా వినేవాడు. నమ్మేది మాత్రం పళ్లనే. ఇంజనుకి కూడా అలాంటి పళ్లున్నాయి. కాకపోతే ఒకచోట ఉండవు, ఆరేడు చోట్ల వెతుక్కోవాలి.

మన వైపు ఇంజన్లు ఎందుకింత ఎక్కువగా మారతాయో మీకు తెలుసు. సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే సుంకి ఘాట్‌లో వేసవి మధ్యాహ్నం, నిండా జనంతో సెకండ్ గేరులో లాగిస్తాం. వాటర్ పంపు కొంచెం వీకైనా, రేడియేటర్ కొంచెం మూసుకుపోయినా హీటెక్కిపోతుంది. ముల్లు పైకెళ్లినప్పుడు బండి పక్కన పెట్టి ఆగిన వాడికి హెడ్ గ్యాస్కెట్‌తో, అంటే బ్లాకుకీ పైన మూతలా ఉండే హెడ్డుకీ మధ్య పలక మార్చుకోవడంతో, పోతుంది. "ఇంకో రెండు మలుపులే కదా" అనుకున్నవాడికి హెడ్ వంగుతుంది, కొన్నిసార్లు బ్లాకే పగులుతుంది. కంపెనీ నుంచి కొత్త ఇంజన్ తెప్పించే స్తోమత అందరికీ ఉండదు. విశాఖ ఆటోనగర్‌కో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి హెడ్డు లేని హాఫ్ ఇంజనో, ఫుల్ ఇంజనో తెచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మంచి ఇంజన్లు దొరుకుతాయి, నేనే ఎన్నో తెచ్చాను. కానీ తెచ్చుకున్నది ఎప్పటిదో తెలియకపోతే ఆ తర్వాత వచ్చే ప్రతి పనిలోనూ టెన్షనే.

ఒక సంగతి చెప్తాను. గుణుపురం నుంచి ఒక మాస్టారి ఆల్టో వచ్చింది. ఆర్సీలో తయారీ సంవత్సరం 2008. ఇంజన్ ఓవర్‌హాల్ చెయ్యాలి, అంటే మొత్తం విప్పి బాగుచెయ్యాలి. నేను ఆర్సీ చూసి, ఇంజన్ నంబరు ఎఫ్8డీతో మొదలవుతోందని చూసి, 2008 మోడల్‌కి సామాను ఆర్డర్ పెట్టేశాను. వచ్చిన సెట్టులో సగం సరిపోలేదు. బండి పదకొండు రోజులు షెడ్డులో నిలబడింది. మాస్టారు రోజూ బస్సులో స్కూలుకి వెళ్లొస్తూ, సాయంత్రం వచ్చి "ఏమైంది నాయనా" అని అడిగేవారు. అప్పుడు బ్లాకు కడిగి చూస్తే పోత తేదీ, అంటే బ్లాకుని అచ్చులో పోసిన తేదీ, 2013. ఆయన ఆ బండి సెకండ్ హ్యాండులో కొన్నారు, ఇంజన్ మార్చిన సంగతి ఆయనకే తెలియదు. 2012లో ఆల్టో 800 వచ్చినప్పుడు ఎఫ్8డీ అనే పేరు అలాగే ఉంచి ఇంజన్‌ని సవరించారు. టార్కు, అంటే ఇంజన్ తిప్పే బలం, 62 న్యూటన్ మీటర్ల నుంచి 69కి పెరిగింది. పేరొకటే, లోపల తేడా. పేరు చూసి ఊరుకోకుండా పుట్టిన తేదీ చూసి ఉంటే ఆ పదకొండు రోజులు మిగిలేవి.

కాబట్టి ముందు ఒక మాట తేల్చుకుందాం. ఇంజన్ వయసు అంటే ఏమిటి? నా లెక్కలో దానికి మూడు వయసులు. బ్లాకుని పోత పోసింది ఒక తేదీ. ఫ్యాక్టరీలో పిస్టన్లు, వాటితో తిరిగే క్రాంక్ పెట్టి బిగించింది ఇంకో తేదీ. అది ఎంత దూరం తిరిగిందన్నది మూడోది. పోత పోశాక బ్లాకు చల్లారబెట్టి, మెషినింగ్ చేసి, బిగించేసరికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టొచ్చు. కాబట్టి మొదటి రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. మూడోదానికి వీటితో సంబంధమే లేదు. పదిహేనేళ్ల ఇంజన్ ఒక డాక్టరుగారి ఇంట్లో ఆసుపత్రికి, ఇంటికి తిరిగి ఉండొచ్చు. నాలుగేళ్ల ఇంజన్ ఒక ట్యాక్సీలో రాత్రీ పగలూ అరిగి ఉండొచ్చు. "ఏ సంవత్సరం ఇంజన్" అని అడిగితే ఒకటి చెప్తారు, "ఎలా ఉంది ఇంజన్" అని అడిగితే ఇంకోటి చెప్పాలి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడే చోటే కొనేవాడు నష్టపోతాడు.

పోత తేదీ ఎక్కడుంటుంది? బ్లాకు పక్క గోడ మీద వెతకండి. రూపాయి బిళ్ల కంటే చిన్నగా ఒక గుండ్రం ఉంటుంది. దాని చుట్టూ గడియారంలో లాగా 1 నుంచి 12 దాకా అంకెలు. మధ్యలో ఒక బాణం. ఆ బాణానికి అటు ఒక అంకె, ఇటు ఒక అంకె. అటు 1, ఇటు 3 ఉండి బాణం 8 వైపు చూపిస్తే 2013 ఆగస్టు. ఇది బ్లాకు మీద చెక్కింది కాదు. పోత పోసే అచ్చులో ఒక చిన్న బిళ్ల బిగిస్తారు, నెల మారినప్పుడల్లా స్క్రూడ్రైవరుతో దాని బాణం తిప్పుతారు, సంవత్సరం మారితే మధ్య ముక్క మారుస్తారు. అచ్చులో ఏముందో లోహం మీద అదే పడుతుంది. తిప్పాల్సినవాడు ఒక నెల మర్చిపోతే పాత నెలే పడుతుంది. అందుకే ఒక నెల అటూ ఇటూ దాని మీద పట్టుబట్టొద్దు, సంవత్సరం చూసుకోండి. కొన్ని కంపెనీలు బాణం బదులు చుక్కలు వేస్తాయి, నెలకో చుక్క. ఇంకొందరు తేదీని తిన్నగా అంకెల్లోనే పోస్తారు.

పాత అమెరికన్ షెవ్రొలే ఇంజన్లలో బ్లాకు వెనక, గేర్‌బాక్సు కలిసే అంచు దగ్గర ఒక అక్షరం, ఒకటో రెండో అంకెలు, చివర ఒక అంకె ఉంటాయి. అక్షరం నెల. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాత రోజు. చివరి అంకె సంవత్సరం. "సీ 14 9" అంటే మార్చి 14, తొమ్మిదో సంవత్సరం. ఏ తొమ్మిది? 59, 69, 79లో ఏదైనా కావచ్చు. అప్పుడు పోత నంబరు, అంటే ఆ బ్లాకు ఏ డిజైన్‌దో చెప్పే పెద్ద నంబరు చూసి దశాబ్దం తేల్చుకుంటారు. మనకి షెవ్రొలేతో పని లేకపోయినా ఈ పద్ధతి మనకీ పనికొస్తుంది. ఒక్క గుర్తు చూసి సంవత్సరం చెప్పొద్దు, ఇంకో గుర్తుతో దాన్ని సరిచూడాలి.

ఆ మాట నాకు ఎలా వంటబట్టిందో చెప్తాను. ఇది నా తప్పే, దాచుకోను. బిస్సమ్‌కటక్ వైపు నుంచి ఒక ట్యాక్సీ తమ్ముడు ఇంజన్ కొనుక్కొచ్చాడు. "14 మోడల్" అని అమ్మినవాళ్లు చెప్పారట. బిగించే ముందు చూడమన్నాడు. పైన ప్లాస్టిక్ హెడ్ కవర్ మీద గుండ్రం ఉంది, అందులో 14 ఉంది. ప్లాస్టిక్ సామాను మీద కూడా అదే రకం గడియారం గుర్తు ఉంటుంది. చూశాను, సరే అన్నాను, బిగించాం. ఆరు నెలలకే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. విప్పాం. బ్లాకు మీద 09. కవర్ ఒక్కటే కొత్త ఇంజన్ నుంచి తీసి పెట్టారు. హెడ్ తీసి పిస్టన్ల మీద మసి గీకితే 0.50 అని అంకె కనబడింది. అంటే ఆ సిలిండర్లని ముందే అర మిల్లీమీటరు బోర్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేశారు. ఆ తమ్ముడు ఇంట్లో బంగారం పెట్టి తెచ్చిన డబ్బు అది. పళ్లు చూస్తానని చెప్పి నేను ఎద్దు కొమ్ములకి వేసిన రంగు చూశాను. లేబరు తీసుకోలేదు, కానీ అతని డబ్బు తిరిగి రాలేదు కదా.

అప్పట్నుంచి నేను చూసే వరస వేరు. ఇంజన్ మార్చేటప్పుడు మనమేం చేస్తాం? ఆల్టర్నేటర్, స్టార్టర్, ఏసీ కంప్రెసర్, సెన్సర్లు, వైరింగ్ అన్నీ పాత ఇంజన్ నుంచి తీసి కొత్తదానికి తగిలిస్తాం. అంటే బయట తగిలించిన సామాను మీద ఉన్న తేదీలు బండి వయసు చెప్తాయి, ఇంజన్‌ది కాదు. బాష్ సామాను మీద ఎఫ్‌డీ అనే అక్షరాల పక్కన తయారీ తేదీ కోడ్ ఉంటుంది, మంచిదే, కానీ ఆ సామాను ఏ ఇంజన్‌తో పుట్టిందో అది చెప్పదు. కిలోమీటర్ల మీటరు కూడా అంతే. అది బాడీ తిరిగిన దూరం. ఇంజన్ మారిన రోజున మీటరు సున్నా అవ్వదు. స్కానర్ పెట్టినా అది ఈసీఎంని, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌ని, అడుగుతుంది, ఈసీఎం ఎక్కువ బండ్లలో పాతదే ఉండిపోతుంది. ఇంజన్ గురించి నిజం చెప్పేవి బ్లాకు, హెడ్డు, లోపలి క్రాంక్, బేరింగులు. బ్లాకు పోత తేదీ, హెడ్డు పోత తేదీ దగ్గర దగ్గరగా ఉంటే రెండూ ఒకే ఇంజన్‌వి అనుకోవచ్చు. మూడేళ్లు తేడా ఉంటే హెడ్డు మార్చారు. ఇంజన్‌తో పాటు ఫ్యాక్టరీలో బిగించినవి అని నమ్మకం కుదిరిన భాగాల్లో అన్నిటికంటే కొత్త తేదీ ఏదో చూడండి. ఇంజన్ అంతకు ముందు బిగించింది అయ్యే అవకాశమే లేదు.

ఫ్యాక్టరీలో బిగించిందా, బయట విప్పారా అన్నది ఎలా తెలుస్తుందని ఇక్కడ ముందు కూర్చున్న తమ్ముడు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. బోల్టుల తలలు చూడు. ఫ్యాక్టరీలో టైటు చేశాక వేసిన రంగు గీత చాలా బోల్టుల మీద ఉంటుంది. స్పానర్ పడితే ఆ గీత చెరుగుతుంది, లేదా రెండు సగాలూ ఒక లైనులో ఉండవు. సంపు, అంటే కింద ఆయిల్ ఉండే తొట్టి, దాని అంచున బయటికి పొంగిన సిలికాన్ గమ్ చూడు. మెషిన్ వేసిన గమ్ సన్నగా ఒకే మందంలో ఉంటుంది, చేత్తో పూసింది ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా ఉంటుంది. బేరింగు చేతికొస్తే వెనక తిప్పి చూడు. ఎస్‌టీడీ, అంటే స్టాండర్డ్ సైజు, అని ఉంటే క్రాంక్ గ్రైండ్ చెయ్యలేదు. 0.25 అని ఉంటే ఒకసారి లేత్‌కి వెళ్లొచ్చింది.

ఇప్పుడు ఇంజన్ నంబరు. చాలా ఇంజన్లలో గేర్‌బాక్సు కలిసే చోటు దగ్గర బ్లాకు మీద చదును చేసిన జాగాలో కొడతారు. నంబరు మొదట్లో ఉన్న అక్షరాలు ఇంజన్ రకం. తర్వాతివి వరస సంఖ్య. ఎక్కువ వాటిలో సంవత్సరం నేరుగా ఉండదు. ఛాసిస్ నంబరుతో దీన్ని కలగలపకండి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. సంవత్సరం అక్షరం పెట్టే కంపెనీల్లో 2010కి ఏ, 2011కి బీ, 2012కి సీ, అలా 2017కి హెచ్, ఐ వదిలేసి 2018కి జే. హ్యుందాయ్ లాంటివాళ్లు పదో స్థానంలో పెడతారు. అందరూ అక్కడే పెట్టరు. ఏదైనా సరే, అది బండి వయసు. బండి నంబరు ప్లేటూ అంతే. ఒడిశాలో 2012 సెప్టెంబరు దాకా ఓఆర్, ఆ తర్వాత ఓడీ. ఓఆర్ ప్లేటు ఉన్న బండిలో 2015 బ్లాకు కనబడిందంటే ఇంజన్ మార్చారని ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంజన్ రకం తెలిస్తే రెండు హద్దులు దొరుకుతాయి, ఎప్పుడు మొదలైందీ, ఎప్పుడు ఆగిందీ. వ్యాగన్ ఆర్‌లో 1061 సీసీ ఎఫ్10డీ పోయి 998 సీసీ కే10బీ వచ్చింది 2010లో. 1.3 డీజిల్, డీ13ఏ, 1248 సీసీ. మారుతి డీజిల్ ఇంజన్లు ఆపేసింది 2020లో, బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు. ఎవరైనా "21 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఇంజన్" అని చెప్తే అక్కడే ఆగండి. ఆ 1.3 ఇంజన్ సంగతి ఇంకొకటుంది. ఫియట్ డిజైన్ చేసిన అదే ఇంజన్ టాటా విస్టాలో, మాంజాలో, ఫియట్ పుంటోలో కూడా ఉంది. మారుతిలోనే స్విఫ్ట్‌లో 75 గుర్రాలది, ఎర్టిగాలో 90 గుర్రాలది, టర్బోలు వేరు. అంబాసిడర్ల రోజుల్లో 1489 సీసీ పాత ఇంజన్ తీసి ఏ ఇంజన్ పెట్టినా కంటికి తేడా తెలిసేది. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు.

నంబరు చదివే పద్ధతి చిన్న పిల్లలకి నేర్పినట్టు నా షెడ్డులో కుర్రాళ్లకి నేర్పుతాను. వైరు బ్రష్‌తో గట్టిగా రుద్దొద్దు. కిరోసిన్‌లో గుడ్డ ముంచి తుడవండి. ఆరాక సుద్దముక్క అడ్డంగా రాయండి. పైన తెల్లగా, గాడిలో నల్లగా అంకెలు తేలతాయి. టార్చి ఎదురుగా వెయ్యకుండా పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. చెయ్యి దూరని చోట ఫోను దూర్చి వీడియో తీయండి. తర్వాత పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి. ఫోటోలో కనబడని తేడా ఒక్కోసారి పెన్సిల్ ప్రింటులో కనబడుతుంది. ఫ్యాక్టరీలో చదును చేసిన జాగాలో మెషిన్ గీతలు సన్నగా, సమంగా ఒకే వైపు ఉంటాయి. అక్కడ ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నా, అంకెల లోతు ఒక్కోటి ఒక్కోలా ఉన్నా, వెల్డింగ్ బుడిపె ఉన్నా ఆ ఇంజన్‌ని ముట్టుకోవద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు.

ఒక్క జాగ్రత్త. చేత్తో పంచ్ కొట్టిన నంబరు ప్రతిదీ దొంగదే అని అనుకోవద్దు. కంపెనీ స్పేరుగా ఇచ్చే కొత్త బ్లాకు చాలాసార్లు నంబరు లేకుండా వస్తుంది. ఆర్టీవో ఆఫీసు అనుమతితో పాత నంబరు దాని మీద కొట్టిస్తారు. అప్పుడు నంబరు పాతది, లోహం కొత్తది. షెవ్రొలే వాళ్లు 1960ల చివర నుంచి బదులు ఇచ్చే ఇంజన్ల మీద సీఈ అనే అక్షరాలు వేసేవారు. చూడగానే ఇది మార్చినదని తెలిసిపోయేది. మన దగ్గర అలాంటి గుర్తు లేదు కాబట్టి బిల్లూ, అనుమతి కాగితమే గుర్తు. ఆ కాగితం, పోత గడియారం రెండూ సరిపోలితే ధైర్యంగా తీసుకోండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనం సరిహద్దులో ఉన్నాం. మన బండ్లలో సగం ఏపీ 35, ఏపీ 30, ఏపీ 31 ప్లేట్లతో వచ్చినవే. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకి మించి ఇక్కడ ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ రోజు ఎంవీఐ గారు, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, బానెట్ ఎత్తి నంబరు చూస్తారు. ఆర్సీలో ఒకటి, బ్లాకు మీద ఒకటి ఉంటే ఆ బండి అక్కడే ఆగిపోతుంది. ఇంజన్ మార్చింది మూడో ఓనరు కింద, దొరికింది ఐదో ఓనరు. ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలని 52వ సెక్షను చెప్తోంది. చాలామంది "ఎవరు చూస్తారులే" అని వదిలేస్తారు. దయచేసి వదలొద్దు. మనం బిగించిన ప్రతి ఇంజన్‌కీ కస్టమరు చేత ఆ పని చేయించే బాధ్యత మనదే అనుకోండి.

కొనేటప్పుడు ఇంజన్ ఏ బండి నుంచి తీశారో ఆ బండి ఆర్సీ కాపీ అడగండి. స్క్రాప్ చేసిన బండి అయితే, 2021 రూల్స్ తర్వాత రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. ఆర్సీ కాపీ దొరికితే సగం పని అయిపోయినట్టే, తయారీ నెల, సంవత్సరం అందులోనే ఉంటాయి. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇంజన్ నంబరు చెప్పి అది ఏ బండితో బయటికొచ్చిందో అడిగితే కొన్నిచోట్ల చూసి చెప్తారు. దొంగ బండిదేమో అని అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో, వాళ్ల వాహన్ సమన్వయ్‌లో ఇంజన్ నంబరుతో వెతకొచ్చు. ఇవేవీ ఇవ్వలేను అనే దుకాణంలో నేను కొనడం మానేశాను.

ఇక మూడో వయసు, తిరిగిన వయసు. దీనికి కాగితం లేదు, చెవి, చెయ్యి, గేజీ. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ మూత తీసి అరచెయ్యి దగ్గర పెడితే బ్యాక్ కంప్రెషన్, అంటే అరిగిన రింగుల పక్కనుంచి కిందికి దిగే గాలి, తెలిసిపోతుంది. కంప్రెషన్ గేజీ పెడితే అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా రావాలి. మూడు సిలిండర్లు 12 చూపించి ఒకటి 9 చూపిస్తే ఆ ఒక్కదానికోసం మొత్తం విప్పాల్సిందే. హెడ్డు తీసే అవకాశం ఉంటే సిలిండరు గోడ చూడండి. ఫ్యాక్టరీలో రాయితో రుద్దిన హోనింగ్ గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఇంకా కనబడుతుంటే మంచిది. పైన రింగు ఆగే చోట వేలిగోరు తగిలి ఆగిపోతే బాగా అరిగింది. ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు, మీకు రోజూ తెలిసేదే.

సరే, బల్ల దగ్గరికి రండి. పెద్దలు ముందుకి రండి, తమ్ముళ్లూ, వాళ్లకి దారి ఇవ్వండి. ఈ బ్లాకు నాలుగేళ్లుగా నా షెడ్డు మూలన పడుంది. ఇది ఎప్పటిదో నేను ఇవాళ్టిదాకా చూడలేదు, మీతో కలిసి చూద్దామని మురికి కూడా తియ్యలేదు. ఇదిగో కిరోసిన్, ఇదిగో గుడ్డ, సుద్దముక్క. టార్చి కొంచెం పక్కనుంచి పట్టు బాబూ, ఇంకా కిందికి. ఆఁ, అక్కడ ఆపు. గుండ్రం కనబడుతోందా? బాణం ఎటుందో ముందు ఎవరు చూస్తారు?